చర్చ, చరిత్ర అనే రెండు మీటలు: తెలుగు వికీపీడియా సేవపై సమీక్ష

తెలుగు వికీపీడియా గురించి మాట్లాడేవారు సాధారణంగా అందులోని వ్యాసాల గురించి మాట్లాడతారు. లక్షకు పైగా వ్యాసాలున్నాయనీ, వాటిలో పెద్ద భాగం ఊళ్ళను గురించినవేననీ, కొన్ని నిజంగా బాగున్నాయనీ, చాలా వాటిలో నాలుగు వాక్యాలకు మించి లేవనీ అంటారు. ఇదంతా నిజమే. నేను ఈ సమీక్ష రాస్తున్నది మాత్రం వ్యాసాల గురించి కాదు. ప్రతి వ్యాసానికీ పైన 'చర్చ' అనీ 'చరిత్ర' అనీ రెండు మీటలుంటాయి. చదివేవారిలో చాలామంది వాటిని ముట్టుకోరు. నిరుడు నాలుగైదు నెలలపాటు నేను ఎక్కువగా ఆ రెండింటి వెనకే గడిపాను గనుక, అక్కడ జీతం భత్యం లేకుండా పనిచేసే వాడుకరులు మూలాల గురించి, వ్యక్తుల గోప్యత గురించి, తప్పులు దిద్దడం గురించి ఎలా వాదించుకుంటారో, ఆ వాదనల వల్ల చదువరికి ఒరిగేదేమిటో చెప్పగలననుకుంటున్నాను.

ఈ పనిలోకి నన్ను దించింది మా ఊరి ఉన్నత పాఠశాల నూరేళ్ళ పండుగ. అక్కడ ఇరవయ్యేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కావడంతో, ప్రత్యేక సంచికకు సంపాదకత్వం నా నెత్తిన పడింది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయలేదో సమీక్ష సగానికి వచ్చేసరికి చదువరులకే తెలుస్తుంది.

మా ఊరి వ్యాసంలో పాఠశాల 1925లో ఏర్పడిందని ఉంది. వాక్యం చివర చిన్న అంకె వేసి, అడుగున ఒక దినపత్రిక జిల్లా సంచికలోని కథనాన్ని మూలంగా చూపారు. పత్రిక పేరు, తేదీ, లంకె అన్నీ ఉన్నాయి. ఇంతకంటే ఏం కావాలనుకొని పండుగ కమిటీ ఆ ఏడాదినే ఖాయం చేసుకుంది. నాకు అనుమానం తీరక 'చరిత్ర' మీట నొక్కాను. ఆ పేజీని చూడనివారి కోసం ఒక మాట చెప్పాలి. వ్యాసంలో ఒక్క కామా మారినా ఆ మార్పు తేదీతో, గంటా నిమిషాలతో అక్కడ నమోదవుతుంది. చేసిన వాడుకరి పేరు, ఎందుకు చేశారో చెప్పే సారాంశం పక్కనే ఉంటాయి. ఏ రెండు కూర్పులనైనా పక్కపక్కన పెట్టి తేడా చూసుకోవచ్చు. అలా వెనక్కి వెళ్ళగా పత్రిక కథనాన్ని మూలంగా చేర్చిన మార్పు కనబడింది. అయితే 1925 అన్న అంకె ఆ కథనం అచ్చు కావడానికి రెండేళ్ళ ముందునుంచే, ఏ మూలమూ లేకుండా, వ్యాసంలో ఉంది. అంటే విలేఖరి వికీపీడియాను చూసి రాశాడు, తర్వాత మరెవరో ఆ విలేఖరి రాతను తెచ్చి వికీపీడియాకే మూలంగా కట్టారు. ఇంతకూ ఆ అంకెను మొదట చేర్చిందెవరని ఇంకో పది కూర్పులు వెనక్కి వెళ్తే, దొరికింది నా వాడుకరి పేరే. ఎప్పుడో ఒక వేసవి సెలవుల్లో ఉత్సాహం కొద్దీ ఖాతా తెరిచి, బడి ఆవరణలోని శిలాఫలకం మీద 'క్రోధన' అని చదివిన జ్ఞాపకంతో, క్రోధన అంటే 1925 కదా అని వేళ్ళ మీద లెక్కకట్టి రాసేశాను. ఆ తర్వాత ఖాతా సంగతే మరచిపోయాను. నేను మరచినా ఆ పేజీ మరవలేదు.

ఇటువంటి చక్రభ్రమణం మా ఊరికే పరిమితం కాదన్నది కొంత ఊరట. 2009 ఫిబ్రవరిలో కార్ల్-థియోడోర్ ట్సు గుటెన్‌బెర్గ్ జర్మనీ ఆర్థిక మంత్రి అయినప్పుడు, అసలే పది పేర్లున్న ఆయన పూర్తి నామధేయంలోకి ఎవరో 'విల్‌హెల్మ్' అనే పదకొండో పేరును జర్మన్ వికీపీడియా ద్వారా చొప్పించారు. పెద్ద పెద్ద పత్రికలు ఆ పేరును కలుపుకొనే అచ్చువేశాయి. దాన్ని తొలగించబోతే ఆ పత్రికలే సాక్ష్యాలుగా నిలబడ్డాయి. అక్కడ అది ఎవరో ఆకతాయి చేసిన పని, ఇక్కడ ఒక మాస్టారి తొందరపాటు. ఫలితంలో మాత్రం తేడా లేదు.

మళ్ళీ బడికి వెళ్ళి, ఫలకం మీద పేరుకున్న సున్నాన్ని తడిగుడ్డతో తుడిచి చూస్తే 'క్రోధన నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి' అని స్పష్టంగా ఉంది. క్రోధన 1925 ఉగాదితో మొదలైన మాట నిజమే గాని, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోతుంది కనుక శంకుస్థాపన జరిగింది 1926 తొలి నెలల్లో. సంవత్సరం పేరును మాత్రమే చూసి అంకె వేసేవారు మాఘ ఫాల్గుణాల విషయంలో ఈ పొరపాటు చేస్తూనే ఉంటారు. పాతకాలపు కవుల, పండితుల పుట్టిన సంవత్సరాలు ఒక్కో పుస్తకంలో ఒక్కో ఏడాది తేడాతో కనబడడానికి ఇదీ ఒక కారణం. పైగా అరవయ్యేళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. క్రోధన 1865లోనూ ఉంది, 1985లోనూ ఉంది. ఫలకం మీద శకం అంకె లేకపోతే, అది ఏ క్రోధనో కూడా వేరే ఆధారంతో తేల్చుకోవలసిందే.

నా తప్పును ఒప్పుకుంటూ ఈ సంగతంతా చర్చ పేజీలో రాసి, చివర నాలుగు టిల్డే గుర్తులు (~~~~) పెట్టాను. అలా పెడితే మన సంతకం, సమయం వాటంతటవే పడతాయి. రెండు రోజుల్లో ముగ్గురు స్పందించారు. ఈ సేవను నేను మెచ్చుకోవడం మొదలైంది అక్కడి నుంచే. మొదటివారు, ఫలకం ప్రాథమిక మూలమనీ, దాన్ని మూలంగా వాడవచ్చు గాని అందులో ఉన్న మాటకు మించి ఒక్క మాట కూడా దాని పేరిట రాయకూడదనీ, ఇతరులు సరిచూసుకోవడానికి వీలుగా ఫోటో ఉంటే మంచిదనీ అన్నారు. రెండోవారు, తెలుగు సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చడం వికీ నిషేధించిన మౌలిక పరిశోధన (అంటే మూలంలో లేని సొంత నిర్ధారణ) కిందికి వస్తుందేమోనని సందేహం లేవనెత్తారు. మామూలు లెక్కలను పరిశోధనగా ఎంచనక్కరలేదన్న నియమాన్ని మొదటివారు చూపించి, ఫలకంలోని పాఠాన్నీ మార్చిన అంకెనూ రెంటినీ వ్యాసంలో ఇస్తే చదువరి తానే లెక్క చూసుకుంటాడని పరిష్కారం చెప్పారు. మూడోవారు అడిగిన ప్రశ్న నాకు తట్టనే తట్టలేదు. శంకుస్థాపన జరిగిన రోజునే బడి మొదలైనట్టు మీకెలా తెలుసునండీ అని అడిగారు. నిజమే, ఫలకం చెబుతున్నది రాయి వేసిన తేదీ. పిల్లలు వచ్చి కూర్చున్న తేదీని అది చెప్పదు. అంతకుముందే పూరిపాకలో తరగతులు నడిచి ఉండవచ్చు, ఆ తర్వాత రెండేళ్ళకు గాని గోడలు లేచి ఉండకపోవచ్చు. చివరికి వ్యాసంలో మిగిలింది ఒక్కటే వాక్యం. ఫలకం ప్రకారం క్రోధన మాఘంలో, అంటే 1926లో, పాఠశాల భవనానికి శంకుస్థాపన జరిగింది. బడి ఎప్పుడు ప్రారంభమైందన్న వాక్యమే లేకుండా పోయింది.

ఇందులో నన్ను కొంచెం గుచ్చుకున్న విషయం కూడా చెప్పాలి. ఆ బడిలో ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణన్న మాట నేను రెండుసార్లు రాశాను. దాన్ని ఎవరూ కాదనలేదు, ఎవరూ లెక్కలోకి తీసుకోనూ లేదు. గారూ అనే పిలిచారు, మర్యాదలో ఏ లోపమూ లేదు. కాని మాస్టారి మాటకు ఊళ్ళో ఉండే విలువ అక్కడ లేదు. కొన్నాళ్ళు ఆలోచించాక అది న్యాయమే అనిపించింది. ఎందుకంటే 1925 అన్నది కూడా ఆ మాస్టారి మాటే.

మూలాల విషయంలో తెలుగు వాడుకరులు పడే అవస్థ ఇంగ్లీషు వికీపీడియాలో పనిచేసేవారికి అంత సులభంగా అర్థం కాదు. నియమాలు దాదాపుగా అక్కడివే. చెప్పిన విషయం నిర్ధారించుకోదగినదై ఉండాలి, మూలం స్వతంత్రమైనదై ఉండాలి, రచయితే అచ్చువేసుకున్న పుస్తకాన్ని ఆచితూచి వాడాలి. ఈ చివరి నియమం తెలుగులో పెద్ద చిక్కు. మన దగ్గర స్థానిక చరిత్రలు, శాసనాల సంకలనాలు, జానపద గేయాల సేకరణలు చాలా వరకు రచయితలే అప్పు చేసి అచ్చువేసుకొని మిత్రులకు పంచినవి. వాటిలో విశ్వవిద్యాలయ ప్రచురణలను తలదన్నే పుస్తకాలూ ఉన్నాయి, కులసభ కోసమో బంధువుల మెప్పు కోసమో రాసినవీ ఉన్నాయి. అట్ట చూసి ఏది ఏదో చెప్పలేం. చర్చ పేజీలలో ఈ విషయమై జరిగే వాదనలు చదివితే, ఒక్కొక్క పుస్తకాన్నీ విడిగా తూచడం తప్ప వేరే దారి లేదని వాడుకరులు గ్రహించినట్టే కనబడుతుంది. పత్రికల సంగతి మరో రకం. తెలుగు దినపత్రికల వెబ్ లంకెలు ఎక్కువకాలం నిలవవు. ఈ ఏడాది పెట్టిన లంకె మూడేళ్ళకు ఖాళీ పేజీకి తీసుకుపోతుంది. పాత వెబ్ పేజీలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపడిన ప్రతిని వెతికి చేర్చే బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము) ఒకటి ఈ చచ్చిన లంకెలకు కొంతవరకు ప్రాణం పోస్తోంది. అది లేకపోతే మూలాల జాబితాల్లో చాలా భాగం పేరుకే మిగిలేది. సినిమా నటుల పుట్టినరోజుల గురించి చెప్పకపోవడమే మేలు. అభిమానుల సైట్లు తప్ప మరో ఆధారం లేని తేదీల మీద అక్కడ జరిగినంత వాదన శాతవాహనుల మీద కూడా జరగదు.

ఊళ్ళ వ్యాసాలలో మరో సూక్ష్మమైన తప్పు ఉంది. జనాభా లెక్కల పట్టికల్లో ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాల్లో ట, త ఒకటే, ల, ళ ఒకటే, హ్రస్వదీర్ఘాల భేదం ఉండదు. వాటిని తిరిగి తెలుగులోకి తెచ్చినప్పుడు ఊరివారెవరూ పలకని పేర్లు పుట్టుకొస్తాయి. ప్రభుత్వ పట్టికే మూలం గనుక పైపైన చూస్తే వ్యాసానికి ఆధారం గట్టిదే, పేరు మాత్రం తప్పు. ఇలాంటి చోట 'ఆధారం చూపాలి' అన్న ముద్ర ఎందుకూ పనికిరాదు. ఊరివాడెవడో వచ్చి ఇది మా ఊరి పేరు కాదయ్యా అనాలి. అప్పుడు పేజీని సరైన పేరుకు తరలించి, పాత పేరు నుంచి దారిమార్పు పెడతారు. మూలం ఒక మాట చెబుతూ, తెలిసినవాడు మరో మాట చెబుతున్నప్పుడు ఏం చేయాలో నియమాల పుస్తకం తేల్చలేదు. అది అనుభవం మీద తేలవలసిన విషయం. పంచాయతీ కార్యాలయం బోర్డు ఫోటో ఒకటి చాలా వివాదాలను తీర్చేస్తుందని ఒకరు సరదాగా రాశారు.

ఇక గోప్యత. ఇక్కడా నా తప్పుతోనే మొదలుపెడతాను. బడి ప్రారంభమైన ఏడాదిని ఎలాగైనా నిరూపించాలన్న పట్టుదలతో, పాత అడ్మిషన్ రిజిస్టరులో ఒక పేజీని ఫోటో తీసి వికీపీడియాల బొమ్మలను దాచే ఉమ్మడి భాండారం వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మురిసిపోయానే గాని, ఆ పేజీలో ఏమున్నదీ ఆలోచించలేదు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, పుట్టిన తేదీ, బడి మానేసిన కారణం అన్నీ అందులో ఉన్నాయి. పైగా తొందరలో నేను తీసింది మొదటి పేజీని కాదు, 1940ల నాటి పేజీని. అందులోని పిల్లల్లో కొందరు ఇప్పటికీ మా ఊళ్ళో అరుగుల మీద కూర్చుంటారు. ఒకరి పేరుకు ఎదురుగా 'ఫీజు కట్టలేక' అని రాసి ఉంది. ఈ సంగతి ఒక వాడుకరి చర్చ పేజీలో రాయలేదు. అక్కడ రాస్తే నలుగురి కళ్ళూ దానిమీద పడతాయని నాకు విడిగా ఈమెయిలు పంపారు. ఎక్కించినవారే వారం లోపల అడిగితే, ఇంకా ఎక్కడా వాడని బొమ్మను వెంటనే తీసేసే పద్ధతి కామన్స్‌లో ఉందని వారే చెప్పారు. అడిగాను, తీసేశారు. గోప్యతకు సంబంధించిన విషయాన్ని బహిరంగంగా చర్చించడమే గోప్యతా భంగమని నాకు తెలియజెప్పిన ఆ ఈమెయిలు, ఈ సేవలో నాకు దొరికిన అన్నింటికంటే విలువైన పాఠం.

జీవించి ఉన్నవారి విషయంలో వికీపీడియా నేడు పాటించే కట్టుబాట్లు ఒక చేదు అనుభవం తర్వాత బిగిసినవి. 2005 మే నెలలో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థేలర్ మీద ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసం పుట్టించిన ఒక అజ్ఞాత వ్యక్తి, కెన్నెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందేమోనని ఒకప్పుడు అనుమానించారని అందులో రాశాడు. సీగెన్‌థేలర్ నిజానికి రాబర్ట్ కెన్నెడీ దగ్గర పనిచేసినవాడు. ఆ అబద్ధం నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. వికీపీడియాను నకలు చేసుకునే ఇతర సైట్లలో మరికొంతకాలం మిగిలింది. ఆ ఏడాది నవంబరులో ఆయన 'యూఎస్ఏ టుడే'లో రాసిన వ్యాసంతో దుమారం రేగాక, డిసెంబరు నుంచి ఖాతా లేనివారు ఇంగ్లీషులో కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా ఆపేశారు. బతికున్నవారిని గురించిన ఆధారం లేని ఆక్షేపణను చర్చ కోసం ఆగకుండా తీసెయ్యాలన్న నియమం అటుతర్వాత స్థిరపడింది.

మన దేశంలో దీనికి చట్టం వైపు నుంచి మరికొన్ని కోణాలున్నాయి. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం భారత శిక్షాస్మృతి 228ఏ సెక్షను ప్రకారం నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత మొదట్లో బాధితురాలి పేరూ ఫోటో అన్ని మాధ్యమాల్లోనూ తిరిగాయి. పోలీసులు 'దిశ' అన్న పేరు పెట్టాక గాని అసలు పేరు వాడకం తగ్గలేదు. 2024లో కోల్‌కతా వైద్యురాలి హత్య కేసులో, ఆమె పేరునూ ఫోటోనూ తొలగించమని సుప్రీంకోర్టు సెప్టెంబరు 17న వికీపీడియాను ఆదేశించింది. ఇక్కడ మూలాల సూత్రం గోప్యతను కాపాడలేదన్నది నా అభిప్రాయం. పేరు వంద పత్రికల్లో వచ్చింది గనుక ఆధారం ఉన్నట్టే కదా అనే వాదన వికీలో చాలా తేలిగ్గా పుడుతుంది. ఆధారం ఉండడం వేరు, రాయదగినది కావడం వేరు. ఈ తేడాను తెలుగు వాడుకరుల్లో అనుభవజ్ఞులు బాగానే ఎరుగుదురు. కొత్తగా చేరి, మూలం ఉంటే చాలునని నేర్చుకున్నవారే ఇక్కడ తడబడతారు. కులం విషయమూ ఇలాంటిదే. ఇంగ్లీషు వికీపీడియాలో భారతీయ వ్యాసాలు రాసేవారు, బతికున్న వ్యక్తి తనంతట తాను చెప్పుకుంటే తప్ప ఆ వ్యక్తి కులాన్ని రాయకూడదని చాలాకాలంగా పట్టుబడుతున్నారు. ఇంటిపేరు చూసి కులం ఊహించే అలవాటున్న మనకు ఆ పట్టుదల మరింత అవసరం.

రాసేవారి గోప్యత సంగతి ఇంకా సున్నితమైనది. ఖాతా లేకుండా మార్పులు చేసేవారి ఐపీ చిరునామా (ఇంటర్నెట్లో వారి కనెక్షన్ను గుర్తించే అంకె) ఇంతకాలం చరిత్ర పేజీలో అందరికీ కనబడేది. ఇటీవల వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ తాత్కాలిక ఖాతాల పద్ధతి తెచ్చి, ఆ చిరునామాను దుశ్చర్యలను అరికట్టే బాధ్యత ఉన్న కొందరికే పరిమితం చేస్తోంది. ఇది ఎప్పుడో జరగవలసిన పని. కాని ఖాతా ఉన్నవారి మాటేమిటి? తెలుగు వికీలో చాలామంది తమ అసలు పేర్లతోనే రాస్తారు. ఒకరినొకరు కలుసుకుంటారు, ఫోటోలు దిగుతారు. ఆ ఆత్మీయత చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 జూలైలో ఢిల్లీ హైకోర్టులో వికీమీడియా ఫౌండేషన్ మీద 2 కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసినప్పుడు, తన గురించిన వికీపీడియా వ్యాసాన్ని సవరించిన ముగ్గురు వాడుకరుల వివరాలు కూడా కోరింది. ఇవ్వాలని ఆగస్టులో న్యాయస్థానం ఆదేశించింది. నవంబరులో ఆ వివరాలను సీల్డు కవరులో అందించే ఏర్పాటు కుదిరింది. ఆ కేసు గురించిన వ్యాసాన్ని 36 గంటల్లో తొలగించాలన్న హైకోర్టు అక్టోబరు ఆదేశాన్ని 2025 మే 9న సుప్రీంకోర్టు కొట్టివేసింది. తీర్పుల మంచిచెడ్డలు న్యాయవాదులు చెప్పాలి. నేను చెప్పగలిగింది, మారుపేరుతో రాసినవారికే ఇంత జరిగినప్పుడు, అసలు పేరుతో, ఊరి పేరుతో, ఫోటోతో రాసేవారు కొంచెం ఆలోచించుకోవాలని. నా ఖాతా రచనల జాబితాను ఒకసారి పరాయివాడిలా చదివి చూశాను. నేను ఏ ఊరివాణ్ణో, ఏ బడిలో పనిచేశానో, రాత్రి ఎన్ని గంటలదాకా మేలుకొని ఉంటానో పది నిమిషాల్లో తెలిసిపోయింది. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఇదే. రాస్తే, 1925 అని రాసిన మాస్టారెవరో చరిత్ర పేజీ ఇట్టే చెప్పేస్తుంది.

ఈ సేవ గురించి నేను చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడే ఉంది. తప్పు ఎక్కడ పుట్టిందో పట్టిచ్చేది చరిత్ర పేజీయే, దాచవలసినదాన్ని దాచనివ్వనిదీ చరిత్ర పేజీయే. వ్యాసంలోంచి ఒక ఫోన్ నంబరు తీసేస్తే అది పోయినట్టు కాదు, పాత కూర్పులో అలాగే ఉంటుంది. నిర్వాహకులు ఆ కూర్పును సాధారణ చదువరులకు కనబడకుండా చేయగలరు గాని, వారికి మాత్రం కనబడుతూనే ఉంటుంది. వారికి కూడా కనబడకుండా చేసే అధికారం మరికొందరికి ఉంటుంది. అలాంటివారు లేని వికీలలో ఆ పనిని అన్ని వికీలకూ ఉమ్మడిగా ఎన్నికైన స్టీవార్డులు చేస్తారు. అంటే ఒక తెలుగు ఊరి వ్యాసంలో ఒకరి ఇంటి వివరాలు పడితే, వాటిని పూర్తిగా చెరపడానికి తెలుగు రాని ఒకరిని ఇంగ్లీషులో వేడుకోవలసి రావచ్చు. పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. కాని ఆ దారి తెలిసినవారు ఎందరు? పల్లెటూరి చదువరికి 'మీ వ్యక్తిగత వివరం ఇక్కడ కనబడితే ఇలా చెప్పండి' అని తెలుగులో, మొదటి పేజీలోనే, కళ్ళకు కట్టేలా రాసిపెట్టడం కష్టమైన పనేమీ కాదు.

దిద్దుబాట్ల విషయంలో మాత్రం నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. 1912 ప్రాంతంలో కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టినప్పుడు, అచ్చయిన పుటలో తప్పు దొర్లితే తప్పొప్పుల పట్టిక అతికించడమో, మరో ముద్రణ కోసం ఎదురుచూడడమో తప్ప దారి లేదు. ఆయన 1923లో కన్నుమూసేనాటికి అక్షరమాలలో ఎంతో ముందుకు పోనేలేదు. ఇప్పటి వాడుకరుల ముందున్న దిద్దుబాటు పని ఏ ముద్రణాలయమూ మోయలేనిది. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కుక్కునూరు మండలాన్నే చూడండి. ఖమ్మం జిల్లాలో ఉండే ఆ మండలం 2014లో పశ్చిమ గోదావరికి వచ్చింది, 2022లో ఏలూరు జిల్లాకు మారింది. ఎనిమిదేళ్ళలో మూడు జిల్లాలు, మధ్యలో రాష్ట్రం మార్పు. అలాంటి ప్రతి ఊరి వ్యాసంలోనూ మొదటి వాక్యం, పక్కపెట్టె (పక్కనుండే వివరాల పట్టిక), వర్గాలు, పటం మార్చాలి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల అంకెలు మాత్రం 2011వే ఉంటాయి. కనుక ఆ అంకెలు ఏ నాటి జిల్లా హద్దులకు చెందినవో కూడా చెప్పాలి. ఈ పనిని పిడికెడు మంది, రచ్చబండలో పని పంచుకొని, బాట్ల సాయం కొంతా చేతిపని కొంతాగా చేసుకొచ్చారు. రచ్చబండ అంటే అక్కడి ఉమ్మడి చర్చావేదిక. ఆ పేరు పెట్టినవారి అభిరుచికి నమస్కారం. పిడికెడు మందేనన్నది బలహీనత కూడా. నలుగురైదుగురు ఒకరికొకరు బాగా తెలిసినవారైనప్పుడు, ఒకరి మాటను మరొకరు గట్టిగా కాదనడానికి మొహమాటపడతారు. కొన్ని చర్చలు తేలకుండా మర్యాదలోనే ముగిసిపోవడం నేను చూశాను. మూలాల విషయంలో మొహమాటం కంటే జగడమే నయం.

మార్కులు వేయమంటే, దిద్దుబాటుకు పదికి ఎనిమిది, మూలాల జాగ్రత్తకు ఆరు వేస్తాను. గోప్యతకు నాలుగు వేస్తాను. ఆ నాలుగు కూడా నాకు ఈమెయిలు రాసిన వ్యక్తి సంస్కారానికి, వ్యవస్థకు కాదు. విద్యార్థులూ విలేఖరులూ దీన్ని వాడుకోవచ్చు. అయితే ఒక వాక్యాన్ని ఎత్తి రాసుకునే ముందు అడుగున ఉన్న మూలం తేదీనీ, ఆ వాక్యం వ్యాసంలో చేరిన తేదీనీ పోల్చి చూసుకోవాలి. మూలం కంటే వాక్యమే వయసులో పెద్దదైతే ఆగిపోవాలి. ఇందుకు పట్టేది రెండు నిమిషాలు.

ప్రత్యేక సంచిక సంక్రాంతికి అచ్చుకు వెళ్ళింది. అది అచ్చయితే ఆ పత్రిక కథనాన్ని పక్కనపెడితే మా ఊరి బడి గురించి తొలి ముద్రిత ఆధారం అదే అవుతుంది గనుక, రేపు ఎవరో దాన్ని వికీపీడియాలో మూలంగా చూపకమానరు. అందుకని శిలాఫలకం పాఠాన్ని పూర్తిగా, ఫోటోతో సహా వేశాం. బడి ప్రారంభమైన తేదీ తెలియలేదని రాశాం. రిజిస్టరులోంచి అంకెలు తప్ప పేర్లు తీసుకోలేదు. ఊరి విస్తీర్ణమూ పాత తాలూకా వివరమూ మేము వికీపీడియా నుంచే తీసుకున్నాం. ఆ రెండు వాక్యాల కింద, వీటిని తిరిగి వికీపీడియాలో మూలంగా చూపవద్దని చిన్న అక్షరాలతో వేయించాను. ప్రెస్సు కుర్రాడు అది పొరపాటున పడిందనుకొని ప్రూఫులో కొట్టేశాడు. మళ్ళీ పెట్టించాను.